2020లో చిన్న గేమింగ్ వ్యాపారాలకు పీపీపీ ఎందుకు ఆపారు? ఆ మూడో వంతు లెక్క ఇప్పటికీ ఉందా?

గల్లాపెట్టె అడిగినది:

అందరికీ నమస్కారం. కోవిడ్ మొదట్లో అమెరికాలో చిన్న వ్యాపారాల జీతాల కోసం పీపీపీ (పేచెక్ ప్రొటెక్షన్ ప్రోగ్రామ్) లోన్లు ఇచ్చారు కదా. ఆ ఏప్రిల్‌లో స్లాట్ మెషీన్లున్న బార్లు, వీడియో గేమింగ్ పెట్టుకున్న ట్రక్ స్టాపులు, కార్డ్ రూములు, ఊరూరా తిరిగి మెషీన్లు పెట్టే రూట్ ఆపరేటర్లు అప్లై చేస్తే "మీది జూదం వ్యాపారం, అర్హత లేదు" అని బ్యాంకులు తిప్పి పంపాయి. రాబడిలో మూడో వంతు కంటే ఎక్కువ జూదం మీద రాకూడదన్నది షరతట. కొన్ని వారాలకే అర్హత ఉందన్నారు. ఈలోపు నిబంధన ఎలా మారింది, ఎవరికి ఎప్పుడు తలుపు తెరుచుకుంది అన్నది తెలుగులో ఒక్కచోట దొరకడం లేదు.

ఇల్లినాయ్, నెవాడా, జార్జియాల్లో మనవాళ్ల గ్యాస్ స్టేషన్లు, లిక్కర్ స్టోర్లు, బార్లు చాలా ఉన్నాయి. చాలావాటిలో లాటరీ కౌంటరో నాలుగు మెషీన్లో ఉంటాయి. అందుకే అడుగుతున్నాను. రాబడిలో మూడో వంతు అన్నప్పుడు దేన్ని దేనితో భాగించాలి? మెషీన్‌లో పడ్డ డబ్బునా, గెలిచినవాళ్లకు ఇచ్చాక మిగిలిందా, బార్ వాటానా? ఇప్పుడు అలాంటి షాపు కొనడానికి ఎస్‌బీఏ (చిన్న వ్యాపారాలకు సాయం చేసే ఫెడరల్ సంస్థ) లోన్‌కు వెళ్తే ఇదే నిబంధన అడ్డొస్తుందా? లెక్కలు తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

పన్నులపద్దు జవాబు:

గల్లాపెట్టె గారూ, ముందు తేదీలు చూద్దాం. ఈ వ్యవహారంలో నష్టమంతా తేదీల్లోనే ఉంది.

పీపీపీని తెచ్చిన కేర్స్ చట్టంపై సంతకం అయింది 2020 మార్చి 27న. ఆ చట్టంలో జూదం అన్న మాటే అడ్డంగా లేదు. 500 మంది లోపు ఉద్యోగులున్న "ఏ వ్యాపార సంస్థ అయినా" అర్హమే అన్నట్టుగా ఉంటుంది అందులోని వాక్యం. అడ్డం పెట్టింది ఎస్‌బీఏ. ఏప్రిల్ 2న విడుదల చేసిన మొదటి తాత్కాలిక నిబంధనల్లో, ఎస్‌బీఏ హామీతో బ్యాంకులిచ్చే మామూలు 7(ఎ) లోన్లకు అర్హత లేని వ్యాపారాలేవో వాటికి పీపీపీ కూడా లేదు అంది. ఆ పాత జాబితా ఫెడరల్ నిబంధనల సంపుటి (సీఎఫ్ఆర్) 13వ టైటిల్, 120.110 సెక్షన్‌లో ఉంది. అందులో జి క్లాజు ప్రకారం, ఏడాది స్థూల రాబడిలో మూడో వంతు కంటే ఎక్కువ చట్టబద్ధమైన జూదం మీద వస్తే లోన్ ఇవ్వకూడదు. చట్టబద్ధమైన అన్న మాటను గమనించండి. లైసెన్సు ఉండి, రాష్ట్రానికి పన్ను కడుతున్న వ్యాపారం గురించే ఈ క్లాజు.

ఏప్రిల్ 3న దరఖాస్తులు మొదలయ్యాయి. పెద్ద కేసినోలకు వాటి సొంత దారులున్నాయి. చిన్న బార్లకు, రూట్ ఆపరేటర్లకు బ్యాంకు ఫారం ఒక్కటే దిక్కు. నెవాడా సెనేటర్లు, అమెరికన్ గేమింగ్ అసోసియేషన్ గట్టిగా అడిగాక ఏప్రిల్ 14న ఎస్‌బీఏ ఒక సడలింపు ఇచ్చింది. 2019లో గేమింగ్ రాబడి 10 లక్షల డాలర్లు దాటకూడదు, మొత్తం రాబడిలో అది 50 శాతం కంటే తక్కువ ఉండాలి. గెలుపు చెల్లింపులు తీసేశాక మిగిలినదే రాబడి, ఇతర ఖర్చులు మాత్రం తీయకూడదు అని కూడా రాశారు.

రెండు రోజులు తిరక్కుండానే, ఏప్రిల్ 16న, మొదటి విడత 34,900 కోట్ల డాలర్లు అయిపోయాయి. బ్యాంకులు తమ సాఫ్ట్‌వేర్‌లో ఆ కొత్త 50 శాతం లెక్కను ఎక్కించుకునే లోపే గల్లా ఖాళీ.

ఏప్రిల్ 24న ఎస్‌బీఏ ఇంకో నిబంధన తెచ్చి, చట్టబద్ధమైన గేమింగ్ రాబడి ఉన్నంత మాత్రాన పీపీపీకి అర్హత పోదు, 120.110 జి క్లాజు పీపీపీకి వర్తించదు అని తేల్చేసింది. చట్టవిరుద్ధమైన జూదం రాబడి ఉంటే మాత్రం అర్హత లేదు. అదే రోజు రెండో విడత డబ్బుకు చట్టం అయింది, ఏప్రిల్ 27న దరఖాస్తులు మళ్లీ తెరుచుకున్నాయి. అంటే మొదటి విడత మొత్తంలో వీళ్లకు పనికొచ్చే వ్యవధి రెండే రోజులు, అదీ కొందరికే.

కాంగ్రెస్ రాయని షరతును పాత లోన్ల పుస్తకంలోంచి తీసి, మూసేయమని ప్రభుత్వమే ఆదేశించిన వ్యాపారాల మీద పెట్టారు. నాకు ఇందులో అన్యాయంగా తోచేది ఇదే.

రూట్‌బుక్ జవాబు:

పన్నులపద్దు గారు తేదీలు బాగా చెప్పారు. గల్లాపెట్టె గారి అసలు ప్రశ్న భాగాహారం గురించి కాబట్టి ఒక ఊహా లెక్క వేస్తాను.

ఇల్లినాయ్‌లో ఒక చిన్న బార్ అనుకోండి. 2019 సవరణ తర్వాత అక్కడ ఒక బార్‌లో 6 వీడియో గేమింగ్ మెషీన్లు దాకా పెట్టొచ్చు. మెషీన్లు బార్‌వి కావు, లైసెన్సున్న టెర్మినల్ ఆపరేటర్‌వి. ఆటగాళ్లు వేసిన డబ్బులోంచి గెలుపులు తీసేశాక ఏడాదికి 2,40,000 డాలర్లు మిగిలాయనుకుందాం. దాన్ని నెట్ టెర్మినల్ ఇన్‌కమ్ అంటారు. 2019 జులై నుంచి ఏడాది పాటు పన్ను 33 శాతం, అంటే 79,200. మిగిలిన 1,60,800ని ఆపరేటర్, బార్ చెరి సగం తీసుకుంటారు. సెంట్రల్ సిస్టమ్‌కు పోయే చిన్న రుసుము ఇక్కడ వదిలేస్తున్నాను. బార్ వాటా 80,400.

ఆ బార్‌కు తిండి, మందు మీద ఏడాదికి 1,50,000 వస్తుందనుకోండి. మొత్తం రాబడి 2,30,400. గేమింగ్ వాటా 34.9 శాతం. మూడో వంతు అంటే 33.3. ఒకటిన్నర శాతం తేడాతో, కుక్‌కీ ఇద్దరు బార్‌టెండర్లకీ జీతాల సాయం అందదు. ఏప్రిల్ 14 నిబంధన కింద అదే బార్ హాయిగా లోపలికి వస్తుంది.

ఇప్పుడు అదే బార్ పుస్తకాల్లో అకౌంటెంట్ తన వాటా కాకుండా 2,40,000 మొత్తాన్ని రాబడిగా రాసి, పన్నునీ ఆపరేటర్ వాటానీ ఖర్చు కింద చూపాడనుకోండి. 3,90,000లో 2,40,000, అంటే 61.5 శాతం. మూడో వంతు పరిమితీ దాటింది, 50 శాతం పరిమితీ దాటింది. వ్యాపారం ఒక్కటే, పద్దు రాసిన తీరు వేరు. గెలుపులు తప్ప వేరే ఖర్చులు తీయకూడదన్న వాక్యం ఇలాంటి పుస్తకాలున్నవాళ్లకు ఉచ్చయింది. ఆపరేటర్ వాటా బార్ చేతికి వచ్చేదే కాదు కాబట్టి 80,400 అనే రాయాలి. ఫైల్‌లో పెట్టాల్సింది బార్ వాటాను విడిగా చూపే గేమింగ్ రిపోర్టు.

నెవాడాలో ఇంకో మెలిక ఉంది. అక్కడ బార్లకు 15 మెషీన్ల లోపు రిస్ట్రిక్టెడ్ లైసెన్సు. రూట్ ఆపరేటర్‌తో ఒప్పందం రెండు రకాలు. ఒకటి స్థలానికి నెలకింత అని స్థిరమైన అద్దె, రెండోది రాబడిలో వాటా. మొదటిదైతే బార్‌కు వచ్చేది అద్దె. ఒప్పందం కాపీ చూపకుండా "మెషీన్లున్నాయి" అని ఒక్క మాట అంటే బ్యాంకు ఆఫీసర్ రెండోదే అనుకుంటాడు.

ఇక రూట్ ఆపరేటర్ సంగతి. అతని రాబడి నూటికి నూరు శాతం మెషీన్ల మీదే. మూడో వంతు లెక్కా 50 శాతం లెక్కా అతనికి అక్కరకు రావు. ఏప్రిల్ 24 దాకా అతనికి దారే లేదు. మెషీన్ టెక్నీషియన్లు, డబ్బు లెక్కపెట్టేవాళ్లు, రూట్ డ్రైవర్లు, డిస్పాచ్‌లో కూర్చునే అమ్మాయి, వీళ్లందరి జీతాలూ అక్కడివే. ఈ చర్చల్లో ఎప్పుడూ బార్ గురించే మాట్లాడతారు, ఆపరేటర్ దగ్గర పనిచేసే వీళ్లు గుర్తురారు.

ఇంకొకటి. వ్యాపార కోడ్ చూసుకోవాలి. కేసినో హోటల్ కోడ్ 721120, బార్ కోడ్ 722410. రెండూ 72తో మొదలవుతాయి కాబట్టి 500 మంది పరిమితిని ఒక్కో చోటికి విడిగా లెక్కపెట్టే వెసులుబాటు, అనుబంధ సంస్థల నిబంధన మినహాయింపు వాటికి దక్కాయి. హోటల్ లేని కేసినో 713210, రూట్ ఆపరేటర్ 713290. వీటికి ఆ వెసులుబాటు లేదు. ఒకే యజమాని చేతిలో మూడు ఎల్‌ఎల్‌సీలు (పరిమిత బాధ్యత కంపెనీలు) ఉంటే మూడింటి ఉద్యోగులనూ కలిపి లెక్కపెట్టాల్సిందే. పెద్ద హోటల్‌కు దొరికిన మినహాయింపు చిన్న రూట్ కంపెనీకి దొరకలేదు.

గల్లాపెట్టె:

రూట్‌బుక్ గారూ, ధన్యవాదాలు. 34.9 శాతం లెక్క చూశాక విషయం బోధపడింది. ఏప్రిల్ 27 తర్వాత అప్లై చేసిన ఆపరేటర్‌కు ఎంత వచ్చేది? జీతాలకు వాడితే లోన్ మాఫీ అన్నారు కదా, ఆ మాఫీలో ఇబ్బందులేమైనా వచ్చాయా? మెషీన్లు ఆగిపోయి ఉన్నప్పుడు జీతాలకే ఖర్చు పెట్టాలన్న షరతు ఎలా కుదిరింది?

జీతాలపట్టీ జవాబు:

ముందు లోన్ మొత్తం. 2019లో సగటు నెల జీతాల ఖర్చుకు రెండున్నర రెట్లు, గరిష్ఠంగా కోటి డాలర్లు. ఒక్కో ఉద్యోగికి ఏడాదికి లక్ష డాలర్ల దాకానే లెక్క. 1,30,000 తీసుకునే మేనేజర్ ఉంటే 30,000 తీసేయాలి.

ఒక రూట్ కంపెనీలో 12 మంది ఉన్నారనుకోండి. లక్ష పరిమితి పెట్టాక జీతాలు 5,60,000. యజమాని కట్టే హెల్త్ ఇన్సూరెన్స్ 46,000. రాష్ట్ర నిరుద్యోగ పన్ను 6,000. మొత్తం 6,12,000. నెలకు 51,000. రెండున్నర రెట్లు చేస్తే 1,27,500.

ఎక్కువగా జరిగిన తప్పులు రెండు. యజమాని వైపు ఫెడరల్ సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నును కలిపేయడం ఒకటి, అది లెక్కలోకి రాదు. 1099 ఫారం మీద, అంటే ఉద్యోగులుగా కాక కాంట్రాక్టు మీద పనిచేసే మెకానిక్‌లను కలపడం రెండోది. వాళ్లు విడిగా అప్లై చేసుకోవాలి. ఈ రెండూ కలిపి లోన్ ఎక్కువ తీసుకుంటే, తర్వాత మాఫీలో ఆ తేడా అప్పుగా మిగులుతుంది.

కాగితాలు: 2019 నాలుగు క్వార్టర్ల 941 ఫారాలు (జీతాల పన్ను రిటర్న్‌లు), ఏడాది జీతాల మొత్తం చూపే డబ్ల్యూ-3, రాష్ట్రానికి ఇచ్చే క్వార్టర్లీ వేతన రిపోర్టులు, ఇన్సూరెన్స్ బిల్లులు, 2020 ఫిబ్రవరి 15 నాటికి వ్యాపారం నడుస్తోందని చూపే పేరోల్ రిజిస్టర్. గేమింగ్ వాళ్లు వీటికి తోడు లైసెన్సు కాపీ కూడా పెట్టుకోవాలి. చట్టబద్ధమని నిరూపించేది ఆ కాగితమే.

ఇక మాఫీ. గేమింగ్ వాళ్లకు అసలు కష్టం ఇక్కడే. మొదటి షరతుల ప్రకారం డబ్బు చేతికొచ్చిన రోజు నుంచి 8 వారాల్లో ఖర్చు పెట్టాలి, 75 శాతం జీతాలకే. ఇల్లినాయ్‌లో వీడియో గేమింగ్ మార్చి 16న ఆగి జులై 1న తిరిగి మొదలైంది. మే 1న లోన్ వస్తే 56 రోజులు జూన్ 25తో అయిపోతాయి. ఆ గడువులో ఒక్క రోజు కూడా మెషీన్ వెలగలేదు! పని లేకుండా జీతం ఇవ్వాలి, లేదా మాఫీ వదులుకోవాలి. నెవాడా కొంచెం నయం. మార్చి 17 రాత్రి మూసి జూన్ 4న తెరిచారు కాబట్టి చివరి మూడు వారాలు దొరికాయి.

జూన్ 5న చట్టం మార్చి 8 వారాలను 24 వారాలు చేశారు, 75 శాతాన్ని 60 చేశారు. అదే మే 1 లోన్‌కు గడువు అక్టోబరు 15 దాకా పెరిగింది. ఒక్కో ఉద్యోగికి మాఫీ అయ్యే జీతం పరిమితి కూడా 15,385 నుంచి 46,154 డాలర్లకు పెరిగింది. మే నెలలోనే హడావిడిగా జీతాలు పంచేసినవాళ్లకు ఈ మార్పు పెద్దగా పనికిరాలేదు.

మరో ఇబ్బంది ఫెడరల్ ప్రభుత్వం వారానికి అదనంగా ఇచ్చిన 600 డాలర్ల నిరుద్యోగ భృతి. జులై చివరి దాకా ఇంట్లో ఉన్న బార్‌టెండర్‌కు పనిలో ఉన్నప్పటికంటే ఎక్కువ వచ్చింది, టిప్పులు లేని రోజుల్లో మరీ. పిలిస్తే రాకపోవడం అతని తప్పు కాదు. ఇక్కడ యజమాని చేయాల్సింది ఇదీ. పాత జీతం, పాత గంటలతో తిరిగి రమ్మని రాతపూర్వకంగా అడగాలి, అతను వద్దన్నది కూడా రాతలోనే ఉంచుకోవాలి. ఆ రెండు కాగితాలుండి, అతను వద్దన్న 30 రోజుల్లోపు రాష్ట్ర నిరుద్యోగ భృతి ఆఫీసుకు తెలిపితే అతని లోటు ఉద్యోగుల సంఖ్య తగ్గుదల కింద పడదు. ఫోన్‌లో అడిగి ఊరుకున్నవాళ్లకు మాఫీ కోత పడింది.

2021 జనవరి నుంచి 1,50,000 డాలర్ల లోపు లోన్లన్నిటికీ 3508ఎస్ అనే చిన్న ఫారం చాలు. పైన చెప్పిన 1,27,500 లోన్ అందులోకే వస్తుంది. ఫారం చిన్నదని కాగితాలు పారేయకూడదు. ఈ ఫారం వాడినవాళ్లు ఉద్యోగుల రికార్డులు నాలుగేళ్లు, మిగతావి మూడేళ్లు దాచాలన్నది నిబంధన. పైగా పీపీపీ మోసాలపై కేసు పెట్టే గడువును 2022 ఆగస్టులో పదేళ్లకు పెంచారు.

నిలువుటద్దం జవాబు:

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు. జనం పన్ను డబ్బును జూదం నడిపేవాళ్లకు ఎందుకివ్వాలి అని అడిగేవాళ్లకు కూడా ఒక న్యాయం ఉంది. మన రెండు రాష్ట్రాల్లో ప్రభుత్వ లాటరీయే లేదు, 1974 నాటి గేమింగ్ చట్టాలు పేకాట ఇళ్ల మీదే ఉన్నాయి, తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో ఆన్‌లైన్ ఆటలనూ నిషేధించాయి. మెషీన్ ముందు జీతం పోగొట్టుకునేవాళ్ల ఇళ్లు ఎవరు చూశారు? కార్మికుడిని ఆదుకోవాలంటే నిరుద్యోగ భృతి ఉంది కదా, యజమాని చేతికే ఇవ్వాలా?

పన్నులపద్దు జవాబు:

నిలువుటద్దం గారూ, మీ ప్రశ్న కొట్టిపారేసేది కాదు. జూదం వ్యసనం నిజం. కానీ ఇక్కడ జూదం మంచిదా చెడ్డదా అన్నది తేల్చాల్సిన పని ఎస్‌బీఏది కాదు. ఇల్లినాయ్ 2009లో వీడియో గేమింగ్ చట్టం చేసి, లైసెన్సు ఇచ్చి, 2020 ఏప్రిల్ నాటికి ప్రతి వంద డాలర్ల నికర రాబడిలో 33 పన్నుగా తీసుకునేది. రాష్ట్రానికి అదే వ్యాపారం పన్ను కట్టేటప్పుడు పనికొస్తుంది, మూతపడమన్నప్పుడు మాట వింటుంది, సాయం అడిగినప్పుడు మాత్రం అంటరానిదవుతుందా? వద్దనుకుంటే లైసెన్సు దగ్గరే ఆపాలి.

నిరుద్యోగ భృతి సంగతి కూడా చెప్తాను. భృతి వస్తే ఉద్యోగి ఇంట్లో ఉంటాడు, అతనికి ఆ వ్యాపారంతో తెగిపోతుంది. యజమాని కట్టే హెల్త్ ఇన్సూరెన్స్ చాలాచోట్ల ఆగిపోతుంది. కరోనా కాలంలో అది ఎంత దెబ్బో వేరే చెప్పాలా.

కోర్టుల సంగతి కూడా చూడండి. ఇదే 120.110 జాబితాలో అశ్లీల వినోదం మీద నడిచే క్లబ్బులు కూడా ఉన్నాయి. "ఏ వ్యాపార సంస్థ అయినా" అన్న మాటను పట్టుకుని మిషిగన్‌లోని ఫ్లింట్‌కు చెందిన డైమండ్ క్లబ్ కేసు వేసింది. 2020 మే 11న ఫెడరల్ జడ్జి వాళ్ల వైపు ఆదేశమిచ్చారు, మే 15న ఆరో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ ఆదేశాన్ని ఆపడానికి ఒప్పుకోలేదు. అయితే విస్కాన్సిన్ నుంచి వచ్చిన ఇలాంటి కేసులోనే ఏడో సర్క్యూట్ 2022లో ఎస్‌బీఏ వైపు తీర్పు చెప్పింది. కాబట్టి చట్టం భాష ఒక్కటే గేమింగ్ వాళ్లను కచ్చితంగా గట్టెక్కించేదని అనలేం. ఎస్‌బీఏ తనంతట తాను ఏప్రిల్ 24న దిగిరావడమే వాళ్లకు పనికొచ్చింది.

రూట్‌బుక్ జవాబు:

ఒక ముఖ్యమైన సవరణ. పైన చదివినవాళ్లు ఏప్రిల్ 24 తర్వాత అన్ని సాయాలూ వచ్చేశాయనుకునే ప్రమాదం ఉంది. పీపీపీ ఒక్కటే తెరుచుకుంది. ఈఐడీఎల్ అనే విపత్తు లోన్‌కు నిబంధనలు వేరే భాగంలో, 123.301 సెక్షన్‌లో ఉన్నాయి. అక్కడ కూడా ఇదే మూడో వంతు షరతు ఉంది, పీపీపీ సడలింపు దానికి వర్తించలేదు. ఆన్‌లైన్ దరఖాస్తులో "మా స్థూల రాబడిలో మూడో వంతు కంటే ఎక్కువ జూదం మీద రాదు" అని మనమే టిక్ పెట్టి ధ్రువీకరించాల్సి ఉండేది.

3.75 శాతం వడ్డీకి 30 ఏళ్ల గడువున్న లోన్ అది. మొదట 1,50,000 డాలర్లతో ఆగింది, 2021 ఏప్రిల్‌లో 5 లక్షలు, సెప్టెంబరులో 20 లక్షల దాకా పెంచారు. పీపీపీ డబ్బు జీతాలకు సరిపోతే, ఈఐడీఎల్ అద్దెకూ మెషీన్ల ఈఎంఐకీ సరిపోయేది. రూట్ ఆపరేటర్ ఖర్చులో మెషీన్ల అప్పే పెద్దది కదా! అతనికి అసలు కావలసిన సాయం అందనిది అక్కడే. పీపీపీకి అర్హత వచ్చిందని చూసి ఈఐడీఎల్‌లోనూ టిక్ పెట్టేసినవాళ్లు తప్పుడు ధ్రువీకరణ ఇచ్చినట్టే. ఆ లోన్లు ఇంకా కడుతున్నారు కాబట్టి, అలాంటివాళ్లు వకీలుతో మాట్లాడటం మంచిది.

రెండో పీపీపీ కూడా ఒక్క మాటలో. 2020 డిసెంబరు 27 చట్టంతో వచ్చింది. 300 మంది లోపు ఉద్యోగులుండాలి, ఒక క్వార్టర్‌లో రాబడి 2019తో పోలిస్తే 25 శాతమైనా పడిపోయి ఉండాలి, గరిష్ఠం 20 లక్షలు. గేమింగ్ వాళ్లకు అర్హత ఉంది. అయితే 72 కోడ్ వాళ్లకు మూడున్నర రెట్లు, మిగతావాళ్లకు రెండున్నరే. అదే గదిలో, అదే మెషీన్ పక్కన, బార్‌టెండర్ జీతానికి మూడున్నర రెట్లు, మెషీన్ బాగుచేసే టెక్నీషియన్ జీతానికి రెండున్నర.

జీతాలపట్టీ:

రూట్‌బుక్ గారు చెప్పినదానికి కలుపుతున్నాను. జూదం షరతు ఏ మాత్రం లేని సాయం ఒకటుండేది, ఉద్యోగులను నిలుపుకున్న యజమానులకు ఇచ్చిన పన్ను రాయితీ, ఎంప్లాయీ రిటెన్షన్ క్రెడిట్. అది ఎస్‌బీఏది కాదు, పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌ది. ప్రభుత్వ ఆదేశంతో మూతపడితే చాలు. 2020కి ఒక్కో ఉద్యోగికి 10,000 డాలర్ల జీతం మీద 50 శాతం, అంటే 5,000. 2021లో మొదటి మూడు క్వార్టర్లకు ఒక్కోదానికి 70 శాతం, 7,000 దాకా.

మొదట పీపీపీ తీసుకున్నవాళ్లకు ఇది లేదన్నారు. 2020 డిసెంబరు చట్టం వెనకటి తేదీ నుంచి రెండూ తీసుకోవచ్చంది, ఒకే జీతాన్ని రెండుచోట్లా చూపకూడదంతే. ఏప్రిల్‌లో బ్యాంకు తిప్పి పంపిన గేమింగ్ వ్యాపారాలు నేరుగా ఇటు వచ్చి ఉండాల్సింది. మాటలన్నీ పీపీపీ చుట్టూ తిరగడంతో చాలామందికి తెలియలేదు. 941-ఎక్స్ ఫారంతో సవరించుకునే గడువు 2020 క్వార్టర్లకు 2024 ఏప్రిల్ 15తో, 2021వాటికి 2025 ఏప్రిల్ 15తో ముగిసింది. తీసుకున్నవాళ్లు ఆ మేరకు జీతాల ఖర్చు తగ్గించి ఆదాయ పన్ను రిటర్న్ సవరించారో లేదో ఒకసారి చూసుకోండి.

కౌంటర్‌వెనక జవాబు:

గల్లాపెట్టె గారి చివరి ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఇప్పుడు షాపు కొనడానికి 7(ఎ) లోన్‌కు వెళ్తే మూడో వంతు నిబంధన ఉంది. పీపీపీకి ఇచ్చిన సడలింపు పీపీపీతోనే పోయింది.

గ్యాస్ స్టేషన్ కొనేవాళ్లకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. లాటరీలో షాపు రాబడి అంటే కమీషన్, టికెట్ల అమ్మకం మొత్తం కాదు. కమీషన్ చాలా రాష్ట్రాల్లో 5, 6 శాతం. ఏడాదికి 4 లక్షల డాలర్ల టికెట్లు అమ్మితే 6 శాతం లెక్కన 24,000. పెట్రోలు, సరుకుల అమ్మకం లక్షల్లో ఉన్నప్పుడు అది ఏ మూలకు? అయితే అమ్మేవాడి పీఓఎస్ (బిల్లింగ్ మెషీన్) రిపోర్టులో టికెట్ల మొత్తం అమ్మకం "సేల్స్"లో కలిసిపోయి ఉంటుంది. రిటర్న్‌లో కూడా అలాగే వెళ్లి ఉంటే బ్యాంకు అడుగుతుంది. లాటరీ సంస్థ వారం వారం ఇచ్చే సెటిల్‌మెంట్ రిపోర్టులు 12 నెలలవి ముందే తీసుకోండి.

పెట్రోలు లేని చిన్న లిక్కర్ స్టోర్, మెషీన్లున్న చిన్న బార్ కొనేటప్పుడే జాగ్రత్త. రూట్‌బుక్ గారి 34.9 శాతం బార్‌కు ఇవాళ 7(ఎ) రాదు. మెషీన్లు తీసేస్తే లోన్ వస్తుంది కానీ వాయిదా కట్టే లాభం పోతుంది. అలాంటివి అమ్మేవాడి దగ్గరే వాయిదాల మీద కొనడమో, ఎస్‌బీఏతో సంబంధం లేని మామూలు బ్యాంకు లోనో చూసుకోవాలి.

జార్జియా వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడి కాయిన్ మెషీన్లు రాష్ట్ర లాటరీ సంస్థ పర్యవేక్షణలో ఉంటాయి. ఒక షాపులో క్లాస్ బి అనే రకం మెషీన్లు 9 దాకా. నెల స్థూల రిటైల్ రాబడిలో వాటి వాటా 50 శాతం దాటకూడదు. గెలిచినవాడికి సరుకో, పెట్రోలో, లాటరీ టికెట్టో, అలాంటివి ఇవ్వాలి తప్ప నగదు ఇవ్వకూడదు. గల్లాలోంచి నగదు ఇచ్చిన రోజు అది చట్టవిరుద్ధమైన జూదం అయిపోతుంది. ఏప్రిల్ 24 సడలింపు కూడా చట్టబద్ధమైన రాబడికే ఇచ్చారు కాబట్టి, అలా నగదు ఇస్తూ పీపీపీ తీసుకున్న షాపుకు మూడో వంతు లెక్కతో పనే లేదు, అసలు అర్హతే లేదు. పదేళ్ల గడువు ఇంకా నడుస్తోంది. షాపు కొనేటప్పుడు ఆస్తి మాత్రమే కొనండి, అమ్మేవాడి పాత ఎల్‌ఎల్‌సీని కొనకండి. కంపెనీతో పాటు దాని పాత ధ్రువీకరణలూ మీ మెడకు చుట్టుకుంటాయి.

గల్లాపెట్టె:

కౌంటర్‌వెనక గారూ, ఎల్‌ఎల్‌సీ మాట సమయానికి చెప్పారు. ఇక్కడ చదువుతున్న ఇద్దరు ముగ్గురు సరిగ్గా అదే చేయబోతున్నారని మెసేజ్ పెట్టారు. వాళ్లకు ఈ థ్రెడ్ పంపుతున్నాను. సెటిల్‌మెంట్ రిపోర్టులు అమ్మేవాడు ఇవ్వనంటే, అతని లాగిన్‌తో నేరుగా లాటరీ పోర్టల్ నుంచే తీయించుకోవచ్చా?

కౌంటర్‌వెనక:

రిటైలర్ పోర్టల్‌లో అతని ఖాతాలోనే ఉంటాయి. అతను మీ ఎదురుగా లాగిన్ అయి డౌన్‌లోడ్ చేస్తే సరిపోతుంది, పాస్‌వర్డ్ మాత్రం మీరు తీసుకోకండి. వాటిని బ్యాంకు స్టేట్‌మెంట్‌లో లాటరీ సంస్థ వారం వారం లాగుకున్న మొత్తాలతో సరిపోల్చండి. రెండు వారాలు కలవకపోయినా ఆగి కారణం అడగండి. ఎక్కువగా యాక్టివేట్ చేసి అమ్మని స్క్రాచ్ బుక్కులే కారణం, అవి షాపు చేతులు మారే రోజున మీ ఖాతాలో పడకుండా ఒప్పందంలో రాయించుకోండి.